పోలింగ్ రోజే పేరు రాయించుకుని ఓటేయొచ్చా?

ప్రశ్న: ఈ ఏడాదే నాకు అమెరికా సిటిజన్‌షిప్ వచ్చింది. సెప్టెంబరులో డాలస్ నుంచి మినియాపొలిస్‌కి ఇల్లు మారాం. ఆ హడావుడిలో ఓటరుగా పేరు నమోదు చేయించుకునే గడువు దాటిపోయింది. లైసెన్సు ఇంకా టెక్సస్‌దే. వచ్చే మంగళవారమే పోలింగ్, చాలా టెన్షన్‌గా ఉంది. నా మొదటి ఓటు పోయినట్టేనా? గ్రీన్ కార్డు మీద మాతో ఉంటున్న మా అమ్మ కూడా వేయొచ్చా? – ఒక పాఠకురాలు

జవాబు: మీ ఓటు ఎక్కడికీ పోలేదు. టెక్సస్‌లోనే ఉండుంటే ఈ మాట చెప్పలేకపోయేదాన్ని, అక్కడ 30 రోజుల ముందే తలుపులు మూసేస్తారు. మీరిప్పుడున్న మినియాపొలిస్ ఉండే మినసోటా రాష్ట్రంలో అలా కాదు, 1974 నుంచి పోలింగ్ రోజు బూత్‌లోనే పేరు రాయించుకుని అక్కడికక్కడే ఓటేసి రావచ్చు. ఎన్నికకు 20 రోజుల ముందు నుంచి ఆ రాష్ట్రంలో ఉంటే చాలు, మీరు సెప్టెంబరులోనే వచ్చేశారు కదా.

మీ టెక్సస్ లైసెన్సు ఫొటో గుర్తింపుగా పనికొస్తుంది. దాంతోపాటు ఇప్పటి అడ్రసు, మీ పేరు ఉన్న కాగితం ఒకటి కావాలి: ఇంటి లీజు గానీ, కరెంటు బిల్లో ఫోన్ బిల్లో గానీ. బిల్లయితే కట్టాల్సిన తేదీ పోలింగుకు 30 రోజులు అటూ ఇటూ ఉండాలి, ఫోన్‌లో చూపించినా ఒప్పుకుంటారు. బిల్లులన్నీ మీ వారి పేరు మీదే ఉన్నాయా? కంగారు పడకండి. మీ బూత్ పరిధిలో ఓటున్న పక్కింటావిడ మీతో వచ్చి, "ఈమె ఇక్కడే ఉంటారు" అని ప్రమాణం చేసి సంతకం పెడితే సరిపోతుంది. అలా ఒకరు 8 మంది దాకా పూచీ పడొచ్చు. ఈ ఏర్పాటంటే నాకు ఎంతో గౌరవం, బిల్లు లేనంత మాత్రాన మనిషి అక్కడ లేకుండా పోరు కదా.

ఇలాగైతే దొంగ ఓట్లు పడవా అని కొందరు అడుగుతుంటారు. మీరూ ప్రమాణం చేసి సంతకం పెడతారు, అబద్ధమైతే పెద్ద నేరం. తర్వాత మీ అడ్రసుకి కార్డు పంపుతారు, అది తిరిగొస్తే విచారిస్తారు. మన దగ్గర నామినేషన్ల గడువు ముగిశాక జాబితాలో కొత్త పేరు చేర్చరు, అందుకే ఇదంతా మనవాళ్ళకి నమ్మబుద్ధి కాదు. కానీ 2008లో అదే మినసోటాలో సుమారు 29 లక్షల ఓట్లు పోలైతే, సెనేట్ సీటు 312 ఓట్ల తేడాతో తేలింది. ఇల్లు మారిన పాపానికి ఓటు పోగొట్టుకోవడం అన్యాయం అని నేను గట్టిగా నమ్ముతాను.

అమ్మగారి విషయంలో మాత్రం దయచేసి జాగ్రత్త. గ్రీన్ కార్డు మీద ఓటు లేదు. తెలియక వేసినా, ఏదో ఫారంలో సిటిజన్ అని టిక్ పెట్టినా దేశం నుంచి పంపేసేదాకా రావచ్చు. బూత్‌కి తోడుగా తీసుకెళ్ళినా ఆవిడ చేత దేనిమీదా సంతకం పెట్టించకండి.

వీలైతే పొద్దున్నే వెళ్ళండి. ఆఫీసు నుంచి ఆలస్యమైనా, రాత్రి 8 గంటలకల్లా లైన్లో నిలబడి ఉంటే మీ పేరు రాసుకుని ఓటు వేయనిస్తారు.