పాప నా దగ్గర నవ్వదు

ప్రశ్న: మా పాపకు ఏడో నెల. మొన్న మా అమ్మ వచ్చి నాలుగు రోజులుంటే కిలకిలా నవ్వింది. నేనెత్తుకుంటే మాత్రం ముఖం తిప్పేసుకుంటుంది. పుట్టింటి నుంచి వచ్చి రెండు నెలలైంది. పాప పడుకున్నా నాకు నిద్ర పట్టదు. వంటింట్లో ఊరికే కన్నీళ్లొస్తాయి. మావారిది నైట్ డ్యూటీ. ‘మేం నలుగుర్ని కన్నాం, ఈ వేషాలు ఎరగం’ అంటారు అత్తగారు. పాపకేమైనా లోపముందా?
– ఓ సోదరి, తెనాలి

జవాబు: పాప గురించి అడిగారు గానీ, ఉత్తరం నిండా ఉన్నది మీరేనమ్మా. పాప సంగతి ముందు తేల్చేద్దాం. అమ్మమ్మను చూసి నవ్వే పిల్ల గురించి నాకంత బెంగ లేదు. వినికిడి పరీక్ష ఒకసారి చేయించండి. తొమ్మిదో నెల దాటినా ‘తాత్తాత్తా’, ‘బాబ్బాబ్బా’ లాంటి శబ్దాలు రాకపోతే పిల్లల డాక్టరుకు చూపించండి.

ఇక ఆ ముఖం తిప్పుకోవడం. 1970ల్లో అమెరికాలో ఎడ్వర్డ్ ట్రానిక్ అనే సైకాలజిస్టు, బిడ్డను ఆడిస్తున్న తల్లుల్ని కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా ఉండమన్నాడు. బిడ్డలు ముందు నవ్వి పిలిచారు, చేతులు చాచారు. అయినా పలక్కపోయేసరికి చూపు పక్కకు తిప్పుకున్నారు. బిడ్డ ‘ఉంగా’ అంటే మనమూ ‘ఉంగా’ అంటాం చూడండి, మాటలు మొదలయ్యేది అక్కడే. మనసులో దిగులున్న తల్లికి ఆ ‘ఉంగా’ చెవిన పడదు.

ఓసారి దగ్గని చెప్పి ఓ పిల్లాణ్ణి తెచ్చారు. ఒళ్లో కూర్చుని తల్లి కొంగు లాగాడు. ఆమె చూడలేదు. మళ్లీ లాగాడు. తర్వాత తలెత్తి ఫ్యాను చూస్తూ ఉండిపోయాడు. దగ్గుకు మందు రాసి, ‘రాత్రి ఎంతసేపు పడుకున్నావమ్మా?’ అన్నాను. ఆమె ఏడ్చేసింది, పక్కనున్న భర్త బిత్తరపోయాడు. ఆ ఒక్క ప్రశ్న అడగడం నాకు ప్రాక్టీసు పెట్టిన పదేళ్లకు గానీ రాలేదు.

కాన్పయిన మొదటి రెండు వారాల్లో కన్నీళ్లు చాలామందికి వస్తాయి, వాటంతటవే పోతాయి. ఏడో నెలలోనూ ఇలా ఉందంటే అది డిప్రెషన్ కావచ్చు. రక్తహీనత, థైరాయిడ్ తేడాలు కూడా మనిషిని ఇలాగే కుంగదీస్తాయి కాబట్టి ఆ రెండు పరీక్షలూ చేయించుకుని మానసిక వైద్యులను కలవండి. పాలిస్తూ వాడదగ్గ మందులున్నాయి, మీ అంతట మీరు పాలు మాన్పించకండి. వెళ్లేలోపు ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలీ మానస్ 14416కు ఫోన్ చేస్తే తెలుగులోనే మాట్లాడతారు, ఖర్చు లేదు. మీకో పాపకో హాని చేయాలన్న ఆలోచన వస్తే మాత్రం ఆ రోజే ఆసుపత్రికి వెళ్లాలి, ఇంట్లో ఎవరికైనా చెప్పి మరీ వెళ్లండి.

మీవారు డ్యూటీ దిగి రాగానే పాపను ఎత్తుకుని రెండు గంటలు డాబా మీదుండాలి. ఆయనకూ నిద్ర కావాలి, తెలుసు. ముందు మీరు తలుపేసుకుని పడుకోండి, ఆయన తర్వాత పడుకుంటారు.

అత్తగారితో వాదించకండి. ఆ నలుగురూ పుట్టినప్పుడు ఇంట్లో ఎవరెవరుండేవారో అడగండి. తోడికోడలు, ఆడపడుచు, పాలేరు భార్య... ఆవిడే లెక్క చెబుతారు. విన్నాక, పాపకు నలుగు పెట్టి లాల పోసే పని ఆవిడకే అప్పగించి, మీరు పక్కన పీటేసుకుని కూర్చోండి. పాప మీవైపు చూసిందా, సరే. చూడలేదా, రేపూ పీటేసుకోండి.