ఒకే గుర్తున్న ప్రాచీన గ్రీకు సీసపు తూకపురాళ్లు ఒకే బరువు ఎందుకు తూగవు?

మట్టిలో సీసం మారిపోవడం, తూకం ప్రమాణమే కాలక్రమంలో మారడం, ఈ రెండే ముఖ్య కారణాలు.

ఏథెన్స్ అగోరా, అంటే పాత సంతమైదానం, తవ్వకాల్లో దొరికినవాటిలో ఎక్కువ చదరపు సీసపు బిళ్లలే. పైన ఉబ్బెత్తుగా ఒక బొమ్మ ఉంటుంది: డాల్ఫిన్ అయితే మినా అనే తూకం, తాబేలు అయితే స్టేటర్‌లో, అంటే రెండు మినాల్లో, నాలుగో వంతు. భూమిలో నానిన సీసంపై తెల్లటి పొర పేరుకుంటే బరువు పెరుగుతుంది. అది రాలినా, అంచు విరిగినా తగ్గుతుంది. అందుకే పరిశోధకులు ఒక్క రాయిని తూచి ప్రమాణం తేల్చరు. ఒకే గుర్తున్నవి వీలైనన్ని పోగేసి, దెబ్బతిన్నవాటిని పక్కనపెట్టి, మిగిలినవి ఏ బరువు దగ్గర గుమిగూడుతున్నాయో చూస్తారు. ఏ మట్టిపొరలో దొరికిందన్నదాన్ని బట్టి కాలాన్ని అంచనా వేస్తారు.

ప్రమాణం మారిన తీరుకు ఉదాహరణ క్రీ.పూ. 2వ శతాబ్దం చివరి నాటి ఏథెన్స్ శాసనం. వర్తకుల మినా 138 ద్రక్మాల (ద్రక్మా అంటే మామూలు మినాలో నూరో వంతు) బరువుండాలని, దానిపై మొగ్గుగా మరో 12 ద్రక్మాలు వేయాలని అది ఆదేశించింది. కొనేవాడికి ఎంత మొగ్గు ఇవ్వాలో కూడా చట్టమే చెప్పడం నిజంగా విశేషం.

తక్కువ తూగే ప్రతి రాయీ దొంగ తూకమేనని చాలామంది అనుకుంటారు. మోసాలు ఉండేవి, వాటిని పట్టుకోవడానికి చీటీ వేసి ఎంపిక చేసిన 10 మంది అధికారులూ ఉండేవారు. కానీ ఇప్పటి బరువు ఒక్కదాన్నే చూసి ఆనాటి వర్తకుడిపై నేరం మోపలేం.