రమ్ము, టికి పానీయాలు: ఎక్కడ మొదలుపెట్టాలి?

ప్రశ్న: బెంగళూరులోని ఒక బార్‌లో, బొమ్మ ముఖం చెక్కిన కప్పులో ఇచ్చిన ‘టికి కాక్‌టెయిల్’ నాకు చాలా నచ్చింది. ఇంట్లో రమ్ములో నాలుగు రకాల పళ్లరసాలు కలిపి చూస్తే షర్బత్తులా తియ్యగా వచ్చింది. అసలు టికి అంటే ఏమిటి? దాన్ని ఎలా నేర్చుకోవాలి?
– ఒక పాఠకుడు, చిత్తూరు

జవాబు: పళ్లరసాల సంఖ్య పెంచితే టికి వస్తుందనుకోవడం దగ్గరే చాలామంది దారి తప్పుతారు. పులుపు, తీపి, మద్యపు ఘాటు, ఆపైన కొద్దిగా లవంగం లేదా దాల్చినచెక్క పరిమళం ఒకదాన్నొకటి మింగేయకుండా నిలవడమే ఈ పానీయాల కిటుకు.

రమ్ము 17వ శతాబ్దంలో కరీబియన్ దీవుల చెరకు తోటల్లో రూపుదిద్దుకుంది. టికి బార్లు మాత్రం కాలిఫోర్నియాలో పుట్టాయి. అమెరికాలో మద్యనిషేధం 1933లో ముగిసిన కొద్దికాలానికే ఎర్నెస్ట్ గాంట్ హాలీవుడ్‌లో ‘డాన్ ది బీచ్‌కోంబర్’ బార్‌ను తెరిచి, రమ్ములో పళ్లరసం కలిపి చేసే కరీబియన్ ‘పంచ్’ పానీయాలను పసిఫిక్ దీవుల అలంకరణల నడుమ వడ్డించాడు. టికి అనేది ఆ పసిఫిక్‌లోని పాలినీషియా దీవుల ప్రజలు దేవతలకు, పూర్వీకులకు ప్రతిరూపంగా చెక్కుకునే ప్రతిమ. దాన్ని మద్యం కప్పుగా మార్చడంలోని ఇబ్బందిని పుణ్యక్షేత్రం చెంత బతికే మనకు ఎవరూ వివరించనక్కరలేదు. మామూలు గాజు గ్లాసులో పోసుకున్నా రుచి ఏమాత్రం తగ్గదు.

బెల్లం వండే జిల్లా వారు కనుక రమ్ము సంగతి మీకు తేలికగానే అర్థమవుతుంది. చక్కెర తీయగా మిగిలిన నల్లటి మొలాసిస్‌ను పులియబెట్టి, బట్టీ పట్టి చేసేదే ఎక్కువ రకాల రమ్ము. మార్టినిక్ దీవిలో మాత్రం నేరుగా చెరకు రసంతోనే చేస్తారు కనుక అందులో పచ్చిగడ్డి వాసన తెలుస్తుంది. క్యూబా పద్ధతి రమ్ము తేలికగా ఉంటుంది. జమైకా రమ్ము బాగా మగ్గిన అరటిపండులా గుప్పుమంటుంది. రంగును చూసి వయసు అంచనా వేయకండి, ఎందుకంటే నలుపుదనం చాలాసార్లు కలిపిన కారమెల్ (మాడ్చిన చక్కెర) వల్లనే వస్తుంది.

మొదట టికిని పక్కనపెట్టి, డైక్విరీ అనే సాదా రమ్ము కాక్‌టెయిల్ నేర్చుకోండి. 60 మిల్లీలీటర్ల తెల్ల రమ్ము, అప్పుడే పిండిన నిమ్మరసం 22, చక్కెర పాకం 22 మిల్లీలీటర్లు తీసుకుని, నిండా ఐసు వేసి, మూత బిగించి పది పన్నెండు సెకన్లు గట్టిగా కుదిపి వడగట్టాలి. పాకానికి చక్కెర, నీళ్లు సమపాళ్లలో చాలు; తీగపాకం రానక్కరలేదు, చక్కెర కరిగితే దించేయవచ్చు. కుదిపేటప్పుడు కరిగే ఐసు నీరు కూడా ఈ పానీయంలో ఒక భాగమే కనుక ఆ పనిలో తొందరపడకూడదు. మన చిన్న నిమ్మకాయలు దీనికి చక్కగా సరిపోతాయి. సీసాలో అమ్మే నిమ్మరసం వాడితే ఈ శ్రమంతా వృథా.

ఇది కుదిరాక మై టై అనే టికి పానీయం చేయండి. బార్ యజమాని విక్టర్ బెర్జరాన్ 1944లో కాలిఫోర్నియాలోని ఓక్లాండ్‌లో దీన్ని రూపొందించినప్పుడు ఇందులో అనాసరసం లేదు. అది తర్వాత హవాయిలో చేరింది. పీపాలో నిల్వ ఉంచిన రమ్ము 60, నిమ్మరసం 25, ఆరెంజ్ కురసావ్ (నారింజ తొక్కల తీపి మద్యం) 15, ఓర్జా అనే బాదం పాకం 15, చక్కెర పాకం 7 మిల్లీలీటర్లు పడతాయి. ఓర్జాను కొనడం కంటే చేసుకోవడమే మేలు: నానబెట్టి పొట్టు తీసిన బాదంపప్పును నీళ్లతో రుబ్బి, గుడ్డలో పిండి, ఆ పాలలో చక్కెర కరిగించి, రెండు చుక్కల పన్నీరు కలపాలి.

ప్రశ్న: మా ఇంట్లో ఓల్డ్ మంక్ మాత్రమే ఉంది. దానితో ఇవి చేయవచ్చా? చక్కెరకు బదులు బెల్లం వాడవచ్చా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: చేయవచ్చునమ్మా. 1954 నుంచి అమ్ముడవుతున్న ఆ రమ్ములో వనిల్లా వాసన, తీపి ముందే ఉంటాయి కనుక పాకాన్ని మూడోవంతు తగ్గించండి. తెల్ల రమ్ముతో బెల్లం అంతగా పొసగదు కానీ దీనితో బాగా కలుస్తుంది. బెల్లం పాకంలో నాలుగు లవంగాలు, చిన్న దాల్చినచెక్క ముక్క వేసి మరిగిస్తే టికి పరిమళం అక్కడే దొరుకుతుంది. ఒక్క జాగ్రత్త: తీపి వల్ల ఘాటు నాలుకకు తెలియదు. గాంట్ తన ‘జాంబీ’ పానీయాన్ని మనిషికి రెండు గ్లాసులకు మించి ఇచ్చేవాడు కాదు. మై టై విషయంలో మీరూ ఆ హద్దు దాటవద్దు. మన రాష్ట్రంలో 21 ఏళ్లు నిండని వారికి మద్యం అమ్మకూడదు, అతిథుల్లో అంతకంటే చిన్నవారుంటే వారికి రమ్ము లేకుండా అదే నిమ్మరసం, బాదం పాకం సోడాతో ఇవ్వండి.