నాచు నుంచి ఇంధనం: పరిశోధనల ఫలితాలను ఎలా అంచనా వేయాలి?

నాచు నుంచి డీజిల్ తీయవచ్చని చెప్పే పరిశోధనలో నూనె శాతం కన్నా ముందు చూడవలసినది, చదరపు మీటరుకు రోజుకు ఎన్ని గ్రాముల నాచు పెరిగింది, అది ఏడాది పొడవునా లెక్కగట్టిన సగటేనా అన్నది. అమెరికా ఇంధన శాఖ 1978 నుంచి 1996 వరకు సాగించిన కార్యక్రమంలో, న్యూ మెక్సికోలోని రోజ్‌వెల్ వద్ద నిర్మించిన 1,000 చదరపు మీటర్ల చెరువుల్లో కొన్ని రోజుల్లో చదరపు మీటరుకు 50 గ్రాముల దాకా దిగుబడి వచ్చినా, చలి కారణంగా మొత్తం సగటు 10 గ్రాముల దగ్గరే ఆగిపోయింది. నత్రజని అందకుండా చేస్తే కణాల్లో నూనె శాతం పెరిగే మాట నిజమే గానీ, పెరుగుదల మందగిస్తుంది కనుక చివరికి చేతికొచ్చే నూనె పెరిగినట్లు కాదు. ప్రచారంలో మాత్రం మొదటి సగమే వినిపిస్తుంది. నీటి నుంచి నాచును వేరుచేసి ఆరబెట్టడానికి, ఎరువుల తయారీకి ఖర్చయ్యే శక్తిని లెక్కలో కలపని అధ్యయనాన్ని నేనైతే పక్కన పెడతాను.