మా అబ్బాయికి ఐసోట్రెటినోయిన్ రాశారు, ఇంట్లో ఏం చూసుకోవాలి?

మీ పదహారేళ్ల అబ్బాయికి గడ్డల్లాంటి మొటిమలకు ఈ మందు రాశారన్నారు. మొదటి కొన్ని వారాల్లో మొటిమలు ఇంకా పెరగొచ్చు. చాలామంది అక్కడే బెదిరిపోతారు. మీ అంతట మీరు ఆపేయకుండా డాక్టర్‌ని అడగండి. కోర్సు సాధారణంగా 4 నుంచి 6 నెలలు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ.

ఈ మందు చర్మంలోని నూనె గ్రంథులను కుదిస్తుంది. అందుకే పెదవులు పగలడం దాదాపు అందరికీ ఉండేదే. స్కూల్ బ్యాగులో ఒక వాసెలిన్ డబ్బా పడేయండి. ఎండకు చర్మం తొందరగా కమిలిపోతుంది, సన్‌స్క్రీన్ తప్పదు. క్యాప్సూల్ భోజనంతో వేసుకోవాలి, కొవ్వుతో కలిస్తేనే ఒంటికి బాగా అందుతుంది. మొటిమలొస్తాయని నెయ్యి మాన్పించేసిన ఇళ్లకు ఈ మాట ప్రత్యేకంగా చెప్పాలి! విటమిన్ ఎ మాత్రలు, డాక్సీసైక్లిన్ అనే యాంటీబయాటిక్ దీంతో కలపకూడదు. లివర్, కొలెస్ట్రాల్ రక్తపరీక్షలు డాక్టర్ చెప్పినప్పుడల్లా చేయించండి.

అసలు కనిపెట్టాల్సింది మనసుని. దిగులు, చిరాకు, నిద్ర పట్టకపోవడం, స్నేహితులకు దూరంగా ఉండటం కనిపిస్తే వెంటనే డాక్టర్‌కి చెప్పండి. అది మందు వల్లా, మొటిమల వల్లా అని ఇంట్లో తేల్చక్కర్లేదు. చచ్చిపోవాలనుందని అంటే అదే రోజు ఆసుపత్రికి తీసుకెళ్లండి. ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ 14416కి ఎప్పుడైనా ఫోన్ చేయొచ్చు. "ముఖం ఏంట్రా ఇలా అయింది" అనే చుట్టాలను వాడి ముందు కాకుండా, విడిగా మీరే వారించండి.

మిగిలిన క్యాప్సూల్స్ అక్కకో చెల్లికో ఇవ్వకండి. గర్భంతో ఉన్నవాళ్లు వేసుకుంటే బిడ్డకు తీవ్రమైన అవకరాలు రావచ్చు.