మావయ్య మట్టి రేసు బండి

ప్రశ్న: మాస్టారూ, మాది సోంపేట దగ్గర పల్లె. మా మావయ్య తన మోటార్‌సైకిలు, 1980 యెజ్డీ రోడ్‌కింగ్‌ను మట్టి రేసుల కోసం మార్పించుకున్నారు. మడ్‌గార్డులు కోసేసి, సైలెన్సర్లు పైకి లేపి, వెనక పెద్ద స్ప్రాకెట్ (చైను పడే పళ్లచక్రం) వేయించారు. 2018లో తిత్లీ తుపానుకు షెడ్డు దానిమీదే కూలింది. అప్పట్నుంచీ కిక్కు దిగట్లేదు. షోరూమ్ బండిలా చేయించి వింటేజ్ రిజిస్ట్రేషన్ తీసుకోవచ్చా?

జవాబు: ముందు ఆ కిక్కు మీంచి కాలు తీయండి బాబూ! యెజ్డీలో గేరు రాడ్డే కిక్కు రాడ్డు, అది వంగితే రెండూ పోతాయి. పడుచుతనంలో నేనూ ఇలాగే ఒక జామైన బండిమీద నిలబడి తొక్కాను. రింగు విరిగి సిలిండరు గీసుకుపోయింది. రీబోరింగ్ డబ్బులు నా జేబులోంచే పోయాయి.

ప్లగ్గు విప్పి, ఆ కంతలో డీజిలు, ఇంజనాయిలు సగంసగం కలిపి పోయండి. ఇంకినకొద్దీ పోస్తూ పదిరోజులు వదిలేయండి. తర్వాత టాప్ గేరులో పెట్టి, వెనక చక్రాన్ని చేత్తో ముందుకీ వెనక్కీ కదపండి. కదలకపోతే హెడ్డు విప్పడమే.

కదిలింది కదా అని స్టార్ట్ చేసేరు! ఇన్నేళ్లు పడున్న టూ స్ట్రోక్ బండికి (పెట్రోల్లోనే ఆయిలు కలిపి నడిపే రకం) క్రాంక్ ఆయిల్ సీళ్లు, అంటే ఇంజన్ ఇరుసు చుట్టూ గాలి చొరకుండా ఆపే రబ్బరు రింగులు, గట్టిపడిపోయుంటాయి. అక్కడ గాలి లాగితే లోపలికెళ్లే పెట్రోలు, దాంతోపాటు ఆయిలూ తగ్గిపోతాయి. ఇంజన్ గోలగా లేస్తుంటే భలే లాగుతోందని మనం మురిసిపోతాం, ఈలోగా పిస్టన్ పట్టేస్తుంది. సీళ్ల కోసం క్రాంక్ ఎలాగూ తెరవాలి, అప్పుడే కనెక్టింగ్ రాడ్ బేరింగూ చూపించండి. తర్వాత లీటరు పెట్రోలుకి 40 మి.లీ. టూటీ (టూ స్ట్రోక్) ఆయిలు కలపండి.

మీది ఉప్పుగాలి ఊరు, ట్యాంకులో తుప్పు ఖాయం. వెనిగర్ పోసి రాత్రంతా ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, ఆరీ ఆరగానే లోపల ఆయిలు పోసి తిప్పండి. ఒక్కపూట ఆలస్యమైనా మళ్లీ ఎర్రబడుతుంది.

ఇక షోరూమ్ మెరుపంటారా, నాకైతే మనసొప్పదు. రోడ్‌కింగ్‌కు చెకోస్లోవేకియా సీజెడ్ మోటోక్రాస్ (మట్టి రేసు) బండ్లతో చుట్టరికం ఉంది. 1964లో బెల్జియం రైడర్ జోయెల్ రోబెర్ 250 సీసీ ప్రపంచ ఛాంపియన్ అయింది సీజెడ్ మీదే. మీ మావయ్య దాన్ని పుట్టింటి దారి పట్టించారు, మీరు వెనక్కి లాగడమెందుకు? సొట్టలు ఉండనివ్వండి. తుప్పు ఆపి, తీసిన ప్రతి నట్టూ డబ్బాలో దాచండి.

వింటేజ్ కావాలంటే 2021 నిబంధనల ప్రకారం బండికి యాభై ఏళ్లు దాటాలి. మీ బండి 1979లో ఏర్పడిన మా విజయనగరం జిల్లా కంటే ఒక ఏడాది చిన్నది, అంటే 2030 దాకా ఆగాలి. పైగా అసలు రూపం మారకూడదు. మావయ్య రంపం పట్టుకున్న రోజే ఆ దారి మూసుకుపోయిందనుకుంటాను. ఆర్‌సీలో లేని మార్పులతో రోడ్డెక్కకూడదు కూడా, సొంత తోటలో నడుపుకోండి.

అన్నట్టు, వెనక స్ప్రాకెట్‌కి పళ్లెన్నో లెక్కపెట్టి రాయండి. ఆయన ఎంతెంత దిబ్బలెక్కించారో చూద్దాం.