డిపెండెన్సీ అడిగేది కెర్నల్ కాదు

తల్లీ,

నువ్వు పంపిన ఎర్రర్ మెసేజ్ చూశాను. కొత్త కెర్నల్ (హార్డ్‌వేర్‌ని నడిపే లినక్స్ మూల ప్రోగ్రాము) కోసం దించుకున్న డెబ్ ఫైళ్లన్నీ (ప్యాకేజీలు) డీపీకేజీ కమాండ్‌తో ఒకేసారి ఎక్కించబోతే హెడర్స్ ప్యాకేజీ దగ్గర ఆగిపోయింది. లిబ్‌సీ6 (ప్రోగ్రాములు వాడుకునే లైబ్రరీ) తనకి డిపెండెన్సీ అని, అది కనీసం 2.38 ఉండాలని అంటోంది, నీ ఉబుంటు 22.04లో ఉన్నది 2.35. రాత్రంతా దీంతోనే కుస్తీ పట్టానని రాశావు. ముందు టెన్షన్ వదిలెయ్. పాత కెర్నల్‌తో మెషీన్ మామూలుగానే బూట్ అవుతోంది కదా, అంటే ఇంకా ఏదీ చేయి దాటిపోలేదు.

ఒక్క విషయం నీకు స్పష్టంగా తెలియాలి. కెర్నల్‌కి లిబ్‌సీతో పని లేదు. ఆ లైబ్రరీని వాడుకునేవి కెర్నల్ మీద నడిచే ప్రోగ్రాములు. మరి ఈ గొడవ ఎక్కడిదంటే, హెడర్స్ ప్యాకేజీలో ఉండేవి ఉత్త హెడర్ ఫైళ్లే కాదు. మాడ్యూళ్లు (కెర్నల్‌కి జతయ్యే డ్రైవర్ల లాంటి ముక్కలు) కంపైల్ చేయడానికి పనికొచ్చే మాడ్‌పోస్ట్, ఆబ్జ్‌టూల్ లాంటి చిన్న ప్రోగ్రాములు కూడా అందులోనే ఉంటాయి. వాటిని కొత్త సిస్టమ్ మీద తయారు చేశారు కాబట్టి అవి కొత్త లిబ్‌సీనే అడుగుతాయి. కొన్నిసార్లు ఇదే కారణంతో లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్ అనే ఎన్‌క్రిప్షన్ లైబ్రరీని కూడా అడుగుతాయి. నువ్వు కెర్నల్ మొత్తం మొండికేసిందనుకున్నావు, మొండికేసింది ఆ ఒక్క ప్యాకేజీయే.

కాబట్టి అసలు నీకు హెడర్స్ అవసరమా అన్నది ముందు తేల్చుకో. కెర్నల్ మారినప్పుడల్లా బయటి డ్రైవర్లని మళ్లీ కంపైల్ చేసేది డీకేఎంఎస్. 'డీకేఎంఎస్ స్టేటస్' అని కొట్టి చూడు. ఎన్‌విడియా డ్రైవరో, వర్చువల్‌బాక్సో, బయటి నుంచి తెచ్చుకున్న వైఫై డ్రైవరో అందులో కనిపిస్తే అవసరమే. ఏమీ రాకపోతే, నువ్వు చేత్తో కంపైల్ చేసుకునే మాడ్యూళ్లు కూడా లేకపోతే, సగంలో ఆగిన హెడర్స్ ప్యాకేజీని తీసేసి ఇమేజ్ (అసలు కెర్నల్), మాడ్యూల్స్ రెండే ఉంచుకో. చాలామంది ఇక్కడితోనే బయటపడతారు.

ఇకపై డీపీకేజీతో నేరుగా ఎక్కించకు. అది ప్యాకేజీని విప్పేసి, కావలసినవి దొరకకపోతే కాన్ఫిగర్ చేయకుండా సగంలో వదిలేస్తుంది. ఆప్ట్ ఇన్‌స్టాల్‌కి ఫైల్ పేరు ముందు చుక్క, స్లాష్ పెట్టి ఇస్తే, అది అన్నీ లెక్క చూసుకుని కుదరకపోతే మొదట్లోనే కుదరదని చెబుతుంది. అలాగే సగంలో ఆగినవాటిని సరిచేసే ఆప్ట్ ఆప్షన్ ఫిక్స్-బ్రోకెన్ నడిపినప్పుడు 'తీసివేయబోయేవి' అన్న జాబితా చదవకుండా వై నొక్కకు. దానికి తెలిసిన సులువైన దారి చాలాసార్లు నువ్వు ఇప్పుడే పెట్టినదాన్ని తీసేయడం. అంతవరకైతే ఫర్వాలేదు. ఆ జాబితాలో ఇప్పుడు నడుస్తున్న కెర్నలో, డెస్క్‌టాపో కనిపిస్తే మాత్రం వెంటనే ఆపెయ్.

కొత్త రిలీజ్ నుంచి లిబ్‌సీ6 తెచ్చి బలవంతంగా ఎక్కిస్తే అయిపోతుంది కదా అని నీకు తప్పకుండా అనిపిస్తుంది. ఆ పని ఎప్పుడూ చేయకు. నేను ఒకప్పుడు పనిచేసిన చోట ఒక సర్వర్ మీద అదే చేశాను. లిబ్‌సీ6-డెవ్‌కి సరిగ్గా అదే వెర్షన్ లిబ్‌సీ6 కావాలి, ఒక్క అంకె తేడా వచ్చినా ఒప్పుకోదు. దాంతో కంపైలర్ పెట్టుకోవడం కుదరలేదు, ఆప్ట్ ఏ పని చెప్పినా ముందు అది సరిచేయమంది. రెండు రోజులు తంటాలు పడి చివరికి మెషీన్‌ని మొదటి నుంచి ఇన్‌స్టాల్ చేశాను. అప్పుడు బాధపడ్డవాళ్లు ఆ సర్వర్ మీద పని చేసుకునేవాళ్లు, వాళ్ల ముఖాలు నాకింకా గుర్తున్నాయి.

హెడర్స్ తప్పదంటే, సోర్స్ తెచ్చుకుని నీ మెషీన్ మీదే కంపైల్ చేసుకో. అప్పుడా చిన్న ప్రోగ్రాములు నీ 2.35 లిబ్‌సీతోనే తయారవుతాయి, గొడవ మూలంలోనే పోతుంది. ఎలాగూ కాన్ఫిగ్ (కెర్నల్‌లో ఏవేవి ఉండాలో చెప్పే ఫైలు) నీకు నచ్చినట్టు మార్చుకోవాలన్నావు కదా. బిల్డ్-ఎసెన్షియల్, ఫ్లెక్స్, బైసన్, బీసీ, లిబ్‌ఎస్‌ఎస్‌ఎల్-డెవ్, లిబ్‌ఎల్ఫ్-డెవ్, లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్, డ్వార్వ్స్, రీసింక్, సీపీఐఓ, డెబ్‌హెల్పర్ ముందే పెట్టుకో. వీటిలో డ్వార్వ్స్‌ని అందరూ మర్చిపోతారు. పాహోల్ అనే ప్రోగ్రాము అందులోనే వస్తుంది, కాన్ఫిగ్‌లో బీటీఎఫ్ (ఒక రకం డీబగ్ సమాచారం) ఉంటే అది లేకుండా పని జరగదు.

బూట్ ఫోల్డర్లో ఉన్న కాన్ఫిగ్‌ని కాపీ చేసుకుని 'మేక్ ఓల్డ్‌డెఫ్‌కాన్ఫిగ్' నడుపు. ఇక్కడ ఒక ఉచ్చు ఉంది. ఉబుంటు కాన్ఫిగ్‌లో సిస్టమ్ ట్రస్టెడ్ కీస్, సిస్టమ్ రివొకేషన్ కీస్ అన్న రెండు వరుసలు డెబియన్ ఫోల్డర్లోని సర్టిఫికెట్ ఫైళ్లని చూపిస్తాయి. అసలు కెర్నల్ సోర్స్‌లో ఆ ఫైళ్లు ఉండవు. కంపైల్ మధ్యలో ఆగి ఏదో దొరకలేదంటుంది, నువ్వేమో ప్యాకేజీ కోసం వెతుకుతూ కూర్చుంటావు. అలాంటి ప్యాకేజీ లేదు. ఆ రెండింటినీ ఖాళీ కొటేషన్లుగా మార్చెయ్, అంతే. డీబగ్ ఇన్ఫో కూడా ఆపెయ్, లేకపోతే డిస్క్ మింగేస్తుంది. అది ఆపితే బీటీఎఫ్ కూడా పోతుంది, నీ పనికి దాని అవసరం లేదు. లోకల్‌వెర్షన్‌లో నీ గుర్తు ఒకటి పెట్టుకుంటే, తర్వాత 'యూనేమ్ -ఆర్' కొట్టినప్పుడు నీ కెర్నల్ ఏదో తెలుస్తుంది.

'మేక్ బిన్‌డెబ్-పీకేజీ' నడిపితే కెర్నల్ కంపైల్ అవుతుంది, అయ్యాక డెబ్ ఫైళ్లు ఒక మెట్టు పై ఫోల్డర్లో పడతాయి. ఇమేజ్, హెడర్స్ ఎక్కించుకో. లినక్స్-లిబ్‌సీ-డెవ్ అని ఇంకొకటి కనిపిస్తుంది, దాన్ని ముట్టుకోకు. అది మామూలు ప్రోగ్రాములు కంపైల్ చేసేవాళ్ల కోసం, సిస్టమ్‌తో వచ్చినదే ఉండనీ.

ఇంతా చేశాక డీకేఎంఎస్ మాడ్యూల్ కంపైల్ కాక హెడర్స్ మళ్లీ సగంలో ఆగితే, అది డిపెండెన్సీ సమస్య కాదు. కెర్నల్ లోపలి ఫంక్షన్లు వెర్షన్ వెర్షన్‌కీ మారుతుంటాయి, ఆ డ్రైవర్ ఇంకా వాటిని అందుకోలేదన్నమాట. అప్పుడు ఏ ప్యాకేజీ పెట్టినా లాభం లేదు. 6.6, 6.12 లాంటి దీర్ఘకాలిక వెర్షన్లలో ఆ డ్రైవర్‌కి నప్పేది చూసుకో. బూట్ పార్టిషన్ నిండినా డీపీకేజీ ఇలాగే ఆగుతుంది, ఒకసారి ఖాళీ చూసుకో. సెక్యూర్ బూట్ ఆన్‌లో ఉంటే సంతకం లేని నీ కెర్నల్‌ని రానివ్వదు, అది ఆపడమో, సొంత కీతో సంతకం చేయడమో చేయాలి.

పాత కెర్నల్‌ని మాత్రం తీసేయకు. కొత్తది మొరాయిస్తే బూట్ మెనూ గ్రబ్‌లో అడ్వాన్స్‌డ్ ఆప్షన్స్ నుంచి దానిలోకే వెళ్లాలి.

మళ్లీ ఎక్కడైనా ఆగితే స్క్రీన్ మీది ఆఖరి వరుస కాదు, మొదటి ఎర్రర్ పంపు. జే ఆప్షన్ (ఒకేసారి చాలా పనులు నడిపేది) లేకుండా మేక్ ఇంకోసారి నడిపితే అది పక్కకి పోకుండా చివర్లోనే కనిపిస్తుంది. దాంతోపాటు డీకేఎంఎస్ స్టేటస్ ఏమందో కూడా రాయి. రాత్రి ఎంత లేటైనా ఫర్వాలేదు, చూస్తాను.

ఆశీస్సులతో
మీ పెదనాన్న